గురక అనుకున్న మధ్యాహ్నం

నారాయణఖేడ్‌లో డిగ్రీ అమ్మాయిల హాస్టల్‌కు నేను వార్డెన్‌ని. నాగల్‌గిద్ద వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి రెండో సంవత్సరం చదువుతుండేది. ఆటో బోల్తాపడి నడుం దెబ్బతిన్నప్పటి నుంచి నొప్పి మాత్రలు వాడేది. డాక్టర్ రాసినవి అయిపోయాక కూడా ఎక్కడినుంచో తెప్పించుకుంటోందని, ఒకటి వేసుకునే చోట మూడు వేసుకుంటోందని నాకు తెలియదు. అడగలేదు కూడా. బకెట్ ఎత్తలేని పిల్ల నవ్వుతూ తిరుగుతుంటే, తగ్గిందనుకున్నాను.

ఒక ఆదివారం అన్నాలయ్యాక ఆమె గదిలో ఉండే పిల్ల వచ్చింది.

“మేడం, అది ఎట్లనో గురక పెడుతుంది. లేపితె లేస్తలేదు.”

“పరీక్షలకు చదివి అలిసింది. పండుకోనియ్,” అన్నాను. చీరలు ఇస్త్రీ చేసుకుంటున్నాను.

గంటకు అదే పిల్ల ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. గురక ఆగిపోయిందట. నేను వెళ్లేసరికి పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టర్ చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

“గురక పెట్టిందా?”

“పెట్టింది.”

“అది నిద్ర కాదమ్మా. ఆ మాత్రలు ఎక్కువైతే ఊపిరి అట్లనే మందగిస్తది. అప్పుడే తెచ్చుంటే విరుగుడు సూది ఇస్తుంటిమి.”

సాయంత్రం తండ్రి వచ్చాడు. వాళ్లింట్లో కన్నడమే. దుఃఖంలో ఆ మాటే వచ్చింది. “బిడ్డకు నోవు తెలిసిందా, మేడం?” నొప్పి తెలిసిందా అని అడుగుతున్నాడు.

“లేదు. నిద్రలోనే పోయింది,” అన్నాను. గురక సంగతి చెప్పలేదు.

తర్వాత గదిగదికీ తిరిగాను. మాత్రలు వాడేవాళ్లు చెప్పండి, తిట్టను అన్నాను. ఎవరైనా లేపితే లేవకపోతే ఒంటరిగా వదలొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే అంబులెన్స్‌ను పిలవండి అన్నాను.

మరుసటి ఏడు ఇంకో అమ్మాయికి అట్లాగే అయింది. గదిలోవాళ్లు ఆలస్యం చేయలేదు. అంబులెన్స్ వచ్చేదాకా నేను నోటితో ఊపిరి ఊదుతూనే ఉన్నాను. దవాఖానలో సూది పడ్డాక కళ్లు తెరిచి, ఎందుకు లేపిన్రని నన్నే తిట్టింది. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. ఆ ఏడుపు ఈ పిల్ల కోసం కాదు.

ఆ వారమే నాగల్‌గిద్ద బస్సెక్కాను. తండ్రి కళ్లంలో కందులు ఎండబోస్తున్నాడు. ‘పండుకోనియ్’ అన్న నా మాటతో సహా అంతా చెప్పాను; మొన్న ఇంకో పిల్లకూ అట్లాగే అయిందనీ చెప్పాను. ఆయన వంగి, పరిచిన కందులను చేత్తో సరిచేశాడు.

“ఆ రెండో పిల్ల బతికిందా?”

“బతికింది.”

తల ఊపాడు. నన్ను కూర్చోమనలేదు. నేను బస్సు కోసం వెనక్కి నడిచాను.