కండోన్ చేయమన్న కాగితం

రికార్డు గదిలో తొమ్మిదేళ్లుగా ఫైళ్లు సర్దుతున్న మనిషిని ఆఫీసులో అందరూ రికార్డులక్క అంటారు. సూపరింటెండెంటును డిక్షనరీ అంటారు. అది పొగడ్త అనుకుని మురిసిపోవడం ఆయన అమాయకత్వం. ఆయనకొచ్చిన పెద్ద ఇంగ్లీషు మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో ఆయనకు మహా ముద్దొచ్చేది ‘కండోన్’.

చెప్పకుండా ఎవరు మానేసినా, పాత ఫైలులోంచి ఒకే ఒక్క ఇంగ్లీషు అర్జీ బయటికొస్తుంది. తేదీ మార్చి కాపీ చేయడం, సంతకం పెట్టడం. అర్థమేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మొన్న బోల్టులూడిన ఇనుప రాక్ రికార్డులక్క మీద పడింది. దాన్ని బాగుచేయించమని ఆవిడ అప్పటికే మూడుసార్లు రాసిచ్చింది. ముందుగా పరిగెత్తుకొచ్చి ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆఫీసు జీపు నడిపే డ్రైవరు బాబాయి. మణికట్టు విరిగి ఆవిడ ఇరవై రోజులు ఇంట్లో ఉంది. ఆ రోజులు సర్వీసులో కలవకపోతే ఈసారి కూడా ఉద్యోగం పర్మనెంటు కాదు.

“‘ప్లీజ్ కండోన్ మై ఆబ్సెన్స్’ అని ఉంది. సంతకం పెట్టెయ్యమ్మా,” అన్నాడు డిక్షనరీ.

“కండోన్ అంటే ఏంటి సార్?”

“అదా... అదొక మర్యాదలే. దయచేసి లాంటిది.”

“దయచేసి అని ముందే ఉంది కదా సార్?”

“పెద్దవాళ్లు రాసిపెట్టింది. నీకెందుకవన్నీ?”

ఇంటికెళ్లి కూతురి స్కూలు నిఘంటువు తిరగేసింది. తప్పని తెలిసీ చూసీచూడనట్టు వదిలేయడమట. కింద ఉదాహరణ కూడా ఉంది: దొంగతనాన్ని కండోన్ చేయరాదు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. చెయ్యి విరగ్గొట్టుకున్నందుకు తను క్షమాపణ అడగాలా?

మర్నాడు తెల్లకాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి, ఆ ఇరవై రోజులూ డ్యూటీ కిందే లెక్కపెట్టాలని చేర్చి, డిక్షనరీకి తెచ్చి ఇచ్చింది.

“ఉద్యోగం కావాలా వద్దా? ఈ బాబాయి కూడా అదే అర్జీ పెట్టాడు. నోరెత్తాడా?” అని డిక్షనరీ ఎగిరిపడ్డాడు.

గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు బాబాయి, “దానర్థమేంటమ్మా?” అన్నాడు.

ఆవిడ చెప్పింది.

“మీ పిన్ని పోయినప్పుడు వారం రాలేదు. అప్పుడు పెట్టింది ఇదేనా?”

“ఇదే బాబాయ్.”

బాబాయి ముందుకొచ్చి, రికార్డులక్క కాగితం కింద ‘నేను చూశాను’ అని రాసి సంతకం పెట్టాడు. సాక్షి ఉన్న కాగితాన్ని ఆపే దమ్ము డిక్షనరీకి ఎక్కడిది? స్టాంపు కొట్టి మేనేజరు గదికి పంపాడు.

“నాకూ ఒక తెల్లకాగితం ఇవ్వండి సార్,” అన్నాడు బాబాయి. “మా ఆవిడ పోవడం నా తప్పు కాదని రాసుకోవాలి.”