గాసి వేసిన తాళం

మా పక్కింటి గాసికి ఖాకీ చొక్కా ఎవరిచ్చారో ఊళ్లో ఎవరికీ అక్కర్లేకపోయినా నాకు కావలసొచ్చింది. అడిగేశాను. ఫారెస్టు గార్డు తన పాతది ఇచ్చాడట. జీతం మాత్రం వెదురు కాంట్రాక్టరు వరహాలరావు ఇచ్చేవాడు. డుంబ్రిగుడ రోడ్డు మీద ఫారెస్టు గేటు కాడ దారికి అడ్డంగా కట్టిన వెదురు బొంగు ఎత్తడం, దించడం, ఆరేళ్లుగా గాసి పని అదే. సంతకెళ్లే ఆడోళ్లు “గార్డుబాబూ, దండాలు” అని ఏడిపిస్తే సిగ్గుపడి, కోడి అడ్డొచ్చినా బొంగు ఎత్తేసేవాడు. పెళ్లాం పోయింది. ఒక్కతే కూతురు రాజకుమారి, హాస్టల్లో ఉండి ఏడో తరగతి చదివేది.

తొంభై ఎనిమిది వేసవి చివర్న, సంత రోజు, కింద గూడెం సోములమ్మ నాగలికి కర్ర కొట్టుకుని భుజాన వేసుకొచ్చింది. గార్డు అక్కడే ఉన్నాడు. “అడవి కర్ర కొట్టింది. దీన్ని గేటు పక్క గదిలో పెట్టి తాళం వెయ్యి, ఆఫీసుకెళ్లి వస్తాను” అన్నాడు. గాసి వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని గార్డు బండెక్కి పోయాడు.

అది రేకుల గది. నడినెత్తిన ఎండ. సోములమ్మకి అప్పటికే చలిజ్వరం. గాసి అడ్డాకు దొప్పతో కిటికీలోంచి నీళ్లందించాడు. కాసేపటికి లోపల్నించి పలుకు లేదు. తాళం పగలగొడదామని రాయి ఎత్తాడట, మళ్లీ దించేశాడట.

“గవర్మెంటు తాళం కదా పిన్నీ, సెయ్యి ఆడనేదు” అని తరవాత నాతో చెప్పాడు.

సాయంత్రం గార్డు వచ్చి తలుపు తీసేసరికి మనిషికి స్పృహ లేదు. ఆసుపత్రిలో నాలుగు రోజులుండి బతికింది.

ఆమె మొగుడు పైడయ్య అర్జీ పెట్టాడు. భయం అక్కణ్ణించి మొదలైంది. “ఆ రోజు నేను గేటు కాడికే రాలేదు, గాసి మా డిపార్ట్‌మెంటు మనిషి కాడు” అన్నాడు గార్డు. “గేటు నాది కాదు, గవర్నమెంటుది” అన్నాడు కాంట్రాక్టరు. ఇద్దరూ చెరోవైపు తప్పుకుంటే మధ్యలో గాసి మిగిలాడు. ప్రైవేటువాడు ఆడమనిషిని గదిలో పెట్టి తాళమేస్తే జైలేనని బస్సులో ఒక గుమస్తా అన్నాడు. ఆ మాట మోసుకొచ్చి గాసికి చెప్పింది నేనే. చెప్పకుండా ఉండాల్సింది.

ఆనాటి నుంచి జీపు చప్పుడైతే చాలు, కాఫీ తోటలోకి పరుగెత్తేవాడు. అన్నం కలిపి అలాగే వదిలేసేవాడు. “నాను జైలుకెలిపోతే సెలవులకి హాస్టల్నించి నా గుంటని ఎవులు తీసుకొత్తారు పిన్నీ?” అని రోజుకి నాలుగుసార్లు అడిగేవాడు.

ఎంక్వైరీకి ముందు రోజు పొద్దున్నే గొడ్డలి పట్టుకుని గేటు వైపు పోతున్నాడు. నేను ఊరుకుంటానా, వెనకాలే వెళ్లాను. గది వెనక తుప్పల్లో సోములమ్మ కర్ర పడి ఉంది.

“ఏటి సేత్తన్నావురా?”

“నరికి కాల్చేత్తాను. ఇది పోతే కేసూ పోద్ది.”

కీడు తెచ్చిన వస్తువుని పొలిమేర దాటించి కాల్చేయడం మా వైపు అలవాటు. కేసుని కూడా అలాగే కాల్చొచ్చనుకున్నాడు. ఆగమని కర్ర దొర్లించి చూశాను. నరికిన కొస మీద గుండ్రటి ముద్ర, లోపల అక్షరాలు, ఒక అంకె. నా అయిదో క్లాసు చదువు ఆ మాత్రానికి సరిపోయింది.

“ఇది నువ్వు కొట్టేవా?”

“నా కాడ సుత్తి ఎక్కడిది పిన్నీ? పట్టుకున్న కర్రకి గార్డే కొడతాడు. ఆ సుత్తి పెళ్లాన్ని కూడా ముట్టనివ్వడు.”

“మరి ఆ రోజు ఇటు రాలేదంటన్నాడు?”

గాసి గొడ్డలి దించాడు. “ఇది సూపిత్తే నన్ను బతకనిత్తాడా?”

కర్రని మోసుకొచ్చి మా పెరట్లో కట్టెల కింద పెట్టాం. ఆ రోజంతా కుక్క మొరిగితే నేనూ ఉలిక్కిపడ్డాను.

మర్నాడు నేనే కర్ర తీసుకెళ్లి ముందు పెడితే, ఎంక్వైరీకొచ్చిన ఆఫీసరమ్మ ముద్ర తడిమి చూసింది. గార్డు సుత్తి తెప్పించి పక్కన పెట్టింది. రెండూ ఒకటే. అప్పుడు గాసిని అడిగింది: చొక్కా ఎవరిచ్చారు, తాళం ఎవరిది, వెయ్యమన్నదెవరు, చెవి ఎవరు పట్టుకెళ్లారు. గార్డు ఎదురుగా నిలబడి గాసి కళ్లలోకే చూస్తున్నాడు. నాలుగింటికీ గాసి గొంతులోంచి ఒకే మాట వచ్చింది, “గార్డుబాబు.” జరిగినదంతా, రాయి సంగతితో సహా, చెప్పేశాడు.

“జీతం ఎవరైనా ఇవ్వనీ,” అందామె, “గవర్నమెంటు ఉద్యోగి నిలబడి, గవర్నమెంటు పని అని చెప్పి వేయించిన తాళం గవర్నమెంటు వేసినట్టే. జవాబు కూడా అదే చెప్పుకోవాలి.”

“అయితే నా తప్పు నేదా అమ్మా?”

“ఎత్తిన రాయి దించేశావు చూడు, అది నీదే.”

గార్డుని సస్పెండు చేశారు. గాసి జైలుకి వెళ్లలేదు, గేటుకీ వెళ్లలేదు. ఖాకీ చొక్కా మళ్లీ తొడగలేదు. జీపు చప్పుడికి మాత్రం చేతిలో పని ఆగిపోయేది.

దసరా దాటాక ఒకనాడు నేనూ గాసీ కొండదారిన వస్తుంటే సోములమ్మ ఎదురైంది. భుజాన కొత్త కర్ర. గాసి దారి దిగి తుప్పల్లోకి తప్పుకున్నాడు.

“ఏరా గార్డుబాబూ, ఇయ్యాల నీ ఎనకాల గవర్మెంటు నేదేటి?” అంది. గాసి తలపాగా తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కర్ర భుజం మార్చుకుని, “సరే గానీ, ఆ కొస పట్టు. బేగి” అంది.

ఊరిదాకా ఇద్దరూ మోశారు. దారిలో ఎక్కడో జీపు చప్పుడైంది. గాసి తల తుప్పల వైపు తిరగడం వెనకాల నడుస్తున్న నాకు కనబడింది. కర్ర మాత్రం వదల్లేదు.