తాగకుండా ఎగిరినవాడు

ఒళ్ళు తగ్గించుకోవడం కూడా ఒక పనేనని మా ఇబ్రహీంపట్నంలో ఇంకా ఎవరూ ఒప్పుకోని రోజులవి. మనిషి లావుగా ఉంటే ఇంట్లో తిండికి లోటు లేదని అర్థం, ఉన్నట్టుండి సన్నబడితే పెద్ద దవాఖానకు తీసుకుపోవాలని అర్థం. నేను మొదటి రకానికి చెందిన, ఎవరికీ ఏ అనుమానమూ రానివ్వని మనిషిని. ఇంజనీరింగ్ చదివిన కాలేజీలోనే పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది (మా దగ్గర ఇంజనీరింగ్ పూర్తయినవాళ్ళు కాలేజీ వదలడానికి పెద్దగా తొందరపడరు). రోజంతా బోర్డు ముందు నిలబడటమే నా వ్యాయామం. వీలైనంతవరకు దాన్ని కూడా కుర్చీలో కూర్చునే చేసేవాణ్ణి.

అప్పుడు మా మేనమామ మన్నెగూడలో ఒక సంబంధం చూశాడు. పిల్ల నర్సు, వాళ్ళ నాయన బస్సు కండక్టరు. పెండ్లిచూపుల్లో "మీరిద్దరు జర మాట్లాడుకోండ్రి" అని మమ్మల్ని బాల్కనీలోకి పంపారు. నేను అభిరుచుల గురించి రెండు ప్రశ్నలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆమె నా చొక్కా గుండీలు పడుతున్న శ్రమను కాసేపు సానుభూతితో చూసి, "బీపీ ఎప్పుడన్న చూపించుకున్నరా?" అంది. లేదన్నాను. "చూడుండ్రి, మీరు మంచిగనే మాట్లాడుతున్నరు. కానీ నేను పొద్దంత వార్డుల గుండె పేషెంట్లనే చూస్త. ఇంటికొచ్చి గూడ చూడాల్నంటె నాతోని గాదు. కార్డియో చెయ్యుండ్రి. వానలు పడేలోపల తగ్గిండ్రనుకో, బాపుకు నేనే చెప్త." అంతకుముందు చూసిన అమ్మాయిలు నేరుగా వద్దన్నారు. గడువిచ్చిన మొదటి మనిషి ఈమె. అక్కడే ప్రేమలో పడిపోయాను.

ఇక ఏ కార్డియో అన్నది ప్రశ్న. ఫోన్లో వీడియోలు చూశాను. ఒంట్లో కొవ్వన్నదే లేని ఒకాయన కొవ్వు ఎలా కరిగించాలో చెబుతున్నాడు. గుండె గబగబా కొట్టుకునేలా చేసేదేదైనా కార్డియోనే, అందులో నడక అన్నిటికంటే సులువన్నాడు. ఆయన మా ఊరి చెరువు కట్ట మీద ఎప్పుడూ నడిచి ఉండడు. మా దగ్గర నడుస్తున్న మనిషంటే బండి దొరకని మనిషి. మొదటిరోజే ఒక స్టూడెంటు బండి ఆపి "ఎక్కుండ్రి సార్" అన్నాడు. వద్దు, నడుస్తున్నానన్నాను. "గదే సార్, ఎందుకు నడుస్తున్నరని" అన్నాడు. వాణ్ణి పంపించేసరికి వరసకు చిన్నాయన ఒకాయన వచ్చి, "ఏంరా, మా బండెక్కితె నీ ఇజ్జత్ పోతదా?" అని అలిగాడు. చుట్టరికాలు తెంచుకోలేక ఎక్కాను. వారం తిరిగేసరికి నేను రోజూ పొద్దున్నే చెరువు కట్ట మీద బండ్ల మీద తిరిగి వస్తున్నాను.

సరే, పరుగు. మా బజారులో నా సైజు మనిషి పరుగెత్తితే జనానికి తోచేది ఒక్కటే: ఎవరికో ఏదో అయింది. చాయ్ హోటల్ ముందున్న వాళ్ళు గ్లాసులు పక్కన పెట్టి "ఏమైంది సార్? ఎవరికి?" అంటూ నా వెనక పరుగెత్తారు. ఒకాయన ఆటో తెచ్చి పక్కన ఆపాడు. ఆయాసంతో నాకు మాట రాకపోతే దుఃఖమనుకుని నీళ్ళు తాగించారు. నాకు గొంతు పెగిలేలోగా మా అమ్మకు ఫోన్ వెళ్ళిపోయింది. ఆ తర్వాత మేడ మీద స్కిప్పింగ్ మొదలుపెట్టాను. కింద వంటింటి స్లాబు పెచ్చు ఊడి పప్పులో పడింది. అమ్మ పైకొచ్చి, నా చేతిలోంచి తాడు తీసుకుని, బట్టలారేయడానికి కట్టేసింది.

ఇంతలో మా పెద్దమ్మ కొడుకు పెండ్లయింది. పూల కారులో జంటను కూర్చోబెట్టి, ముందు బ్యాండుతో ఊరంతా తిప్పే బరాత్‌లో నేను మర్యాదగా చివర నడుస్తున్నాను. తీన్‌మార్ దరువు అందుకోగానే ఎవడో నా చెయ్యి పట్టి మధ్యలోకి లాగాడు. ఇల్లు చేరేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారాయి. గుండె ఆ వీడియో ఆయన చెప్పినట్టే కొట్టుకుంటోంది. అన్నిటికీ మించి, ఎవరూ ఎక్కమనలేదు, ఎవరూ ఏమైందని అడగలేదు. లావుపాటి మనిషి మా తెలంగాణలో సంజాయిషీ ఇవ్వకుండా చెమట పట్టించుకోగల చోటు దొరికిందని నాకు అర్థమైంది.

ఆ ఎండాకాలం నేను వదిలిన బరాత్ లేదు. ముహూర్తాలు చూసుకుని, సాయంత్రం ఫంక్షన్ హాలు బయట నిలబడేవాణ్ణి. ఎవరి పెండ్లన్నది నాకు ముఖ్యం కాదు. దరువు మంచిదైతే చాలు. పెండ్లివాళ్ళు నా దీక్ష చూసి దగ్గరి చుట్టమే అనుకునేవాళ్ళు. ఒక్కటే ఇబ్బంది, భోజనాలు. బిర్యానీ తింటే ఎగిరిందంతా వృథా కనక మజ్జిగ తాగి జారుకునేవాణ్ణి. ఒకచోట అది చూసి, నేను మర్యాద తక్కువై అలిగి పోతున్నాననుకుని, పిల్ల తండ్రి బజారు దాకా వెంటపడి చేతులు పట్టుకున్నాడు. "తప్పయితె కడుపుల పెట్టుకో అన్నా!" అన్నాడు. క్షమించి వచ్చేశాను.

బెల్టుకు కొత్త రంధ్రాలు పడ్డాయి. వానలు ఇంకా పడలేదు. అప్పుడు మన్నెగూడలో ఒక బరాత్‌కు వెళ్ళాను. పొద్దుగూకే వేళ, రుమాలు నోట్లో పెట్టుకుని, రోడ్డు మీద బోర్లా పడి, పాములా పాకుతూ ఒక ఇంటి గేటు ముందు తలెత్తాను. గేటు దగ్గర కండక్టరు గారు నిలబడి ఉన్నాడు.

మర్నాడు మేనమామ ఇంటికొచ్చాడు. "సంబంధం పాయె అల్లుడా. తాగి రోడ్డు మీద పొర్లినవట గద?"

"నేను తాగలేదు మామా."

"తాగకుండ గట్ల ఎవడు ఎగురుతడు?"

కార్డియో సంగతంతా చెప్పాను. మా అమ్మ అంతా విని, తలకు చెయ్యి పెట్టుకుంది. "తాగిండనే చెప్పు తమ్మీ. తాగుడంటె నలుగురు చేసేదే, మాన్పియ్యొచ్చు. వట్టిగనే ఎగిరిండంటె పిల్లనెవరిస్తరు?"

అయినా ఆమె ఇచ్చిన గడువులోనే ఆమెను పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. మామను బతిమాలి మన్నెగూడ తీసుకెళ్ళాను. కండక్టరు గారు టికెట్టు లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూశాడు.

"తాగినోడే తాగలె అంటడు. ఎందర్ని చూడలె మా బస్సుల! తాగకపోతె ఎందుకెగిరినవ్?"

"ఒళ్ళు తగ్గడానికి."

"ఎవరి పెండ్లది?"

"తెలియదు."

కండక్టరు గారు మామ వైపు తిరిగాడు. మామ ఇక తట్టుకోలేక "తాగిండు బావా, తాగిండు. నేనే తాపిచ్చిన" అని నా కోసం పరువు వదులుకున్నాడు.

అప్పుడు తలుపు దగ్గరి నుంచి ఆమె గొంతు వినిపించింది. "తాగలె బాపూ. నేను డాబా మీదికెల్లి మొత్తం చూసిన. తాగినోడు దరువు తప్పుతడు. ఈయన ఒక్కపారి గూడ తప్పలె. దరువు మారితె కాలు మార్చిండు."

"మరి రోడ్డు మీద పొర్లుడేందే?"

"అది పాము డ్యాన్సు. దాంట్ల పొర్లాలె."

కండక్టరు గారు కూతురి వైపు తిరిగి, "తగ్గిండా మరి?" అన్నాడు. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపు నర్సుది కాదని ఇప్పటికీ నా నమ్మకం. "తగ్గిండు" అంది.

మా పెండ్లి శ్రావణంలో జరిగింది. బరాత్‌కు ఆ చుట్టుపక్కల దొరికే మంచి బ్యాండునే నేను స్వయంగా ఎంచాను. ఒక్క విషయం మరిచిపోయాను: పెండ్లికొడుకు కారు దిగకూడదు. దండలు, బాసికం, పక్కన ఆమె. ముందు నా స్నేహితులు, మామ, చివరికి కండక్టరు గారు కూడా ఎగురుతున్నారు. ఆమె మెల్లగా నా మోకాలి మీద చెయ్యి వేసింది. నా జీవితంలో అంత తియ్యని క్షణం లేదనుకుని ఆమె వైపు తిరిగాను.

"కాలు ఆపుండ్రి, కారు ఊగుతున్నది" అంది.

ఆ బరాత్‌లో తీసిన ఫోటో ఒకటి ఇప్పుడు మా హాల్లో ఉంది. అందులో ఉన్న సన్నటి మనిషెవరని పిల్లలు అడుగుతుంటారు. నాకు మాత్రం వాణ్ణి చూస్తే కొంచెం జాలేస్తుంది. ఎండాకాలమంతా ముక్కూమొహం తెలియని వాళ్ళ పెండ్లిళ్ళలో ఎగిరి ఎగిరి, తన పెండ్లినాడు ఆ బజారంతటిలో కదలకుండా కూర్చున్న మగవాడు పాపం వాడొక్కడే.