రాజుగారికి జయంతి సంతకం

శనివారం ఉదయం జయంతి ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ మెట్లు దిగిందంటే ఒంటి మీద పాదాల దాకా గోధుమరంగు గౌను, తల మీద తెల్లటి కుచ్చుల టోపీ ఉంటాయి. కింద పార్కింగులో ఎదురైన మనవాళ్ళు నవ్వు ఆపుకోలేక ఫోన్లు చూసుకుంటారు. నవ్వితే నవ్వనీ. ఈ దేశం వచ్చిన పదిహేడేళ్ళలో ఆమె ఇష్టపడి చేస్తున్న పని ఇదొక్కటే.

అక్కడికి అరగంట దూరంలో పొలమూ గొర్రెల దొడ్డీ ఉన్న పాతకాలపు ఫారమ్ ఒకటుంది. రెండున్నర శతాబ్దాల కిందట ఇక్కడి జనం ఇంగ్లండు రాజుకు ఎలా ఎదురుతిరిగారో పిల్లలకు ఆడి చూపించే చోటు. అక్కడ జయంతి పేరు మెర్సీ. రాజుగారి పన్నుల మీద మండిపడి, ఇంగ్లండు నుంచి వచ్చే సీమ బట్ట మానేసి, ఇంట్లోనే నూలు వడికిన ఇల్లాలు. వచ్చే వాలంటీర్లలో రాట్నం తిప్పడం చేతనైంది ఈమె ఒక్కతికే. పొందూరులో అమ్మమ్మ వరహాలమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకి నూలు వడుకుతుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య అది. ఇక్కడ పత్తికి బదులు గొర్రె ఉన్ని, అంతే తేడా.

ఆట చివర బల్ల మీద పెద్ద కాగితం పరుస్తారు. మా తరఫు మనిషి లేని సభ మా మీద పన్ను వేయరాదని రాజుగారికి అర్జీ. ముందు మెర్సీ సంతకం చేయాలి, తరవాత పిల్లలు. జయంతి ఈక కలంతో ‘మెర్సీ’ అని గీసి తప్పుకునేది. ఆటలోనైనా సరే, సొంత పేరు ఎన్నడూ రాయలేదు.

దానికి కారణం ఇంట్లో ఉంది. భర్త రాధాకృష్ణ పన్నెండేళ్ళుగా గ్రీన్ కార్డు వరసలో నిలబడ్డాడు. జీతంలోంచి పన్ను తప్పకుండా కోస్తారు, ఓటు మాత్రం లేదు. ఆయన బతుకు సూత్రం ఒకటే: ఏ కాగితం మీదా పేరు పెట్టకూడదు.

మూడేళ్ళప్పుడు వచ్చిన కూతురు దియకు వచ్చే నెల ఇరవై ఒకటి నిండుతుంది. ఆ రోజుతో తల్లిదండ్రుల వీసాలో ఆమెకు చోటుండదు. స్టూడెంట్ వీసా వస్తే సరి, రాకపోతే తనకు గుర్తున్న ఒకే ఒక్క దేశం వదిలి వెళ్ళాలి. తనలాంటి పిల్లల్ని వెళ్ళగొట్టొద్దని ఆ పిల్ల ఇక్కడి కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాసింది. సోమవారం రాత్రి అన్నం తింటుంటే బల్ల మీద పెట్టింది.

“అమ్మా, నీ సైన్ కావాలి. పేరెంట్స్ సైన్ చేస్తే సీరియస్‌గా చూస్తారంట. ఈ వీక్ పంపాలి.”

“సంతకాలు గింతకాలు ఏం వద్దు,” అన్నాడు రాధాకృష్ణ. “ఫైల్ పెండింగ్‌లో ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?”

“ఇట్స్ లీగల్, నాన్నా!”

“లీగలే తల్లీ. మన భయం మనది.”

దియ తల్లి వంక చూసింది. జయంతి పప్పుగిన్నె వంక చూసింది. “నాన్న చెప్పింది వినమ్మా,” అంది. ఆ వారమంతా దియ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనందుకు జయంతికి కాస్త హాయిగా కూడా ఉంది, అదీ అసలు సిగ్గు.

శనివారం ఫారమ్‌లో ముందు వరసలో కూర్చున్న ఈషాన్ అనే ఎనిమిదేళ్ళవాడు చెయ్యెత్తాడు. “ఆంటీ, పేరు రాస్తే కింగ్ పనిష్ చేస్తాడు కదా. మీకు భయం లేదా?”

ఈ ప్రశ్నకు జవాబు స్క్రిప్టులోనే ఉంది. ‘భయం ఉంది. అయినా మా పిల్లల కోసం రాస్తున్నాం.’ వందసార్లు చిలకలా అప్పజెప్పిన మాట. ఆ రోజు ‘మా పిల్లల’ దాకా వచ్చి మాట తెగింది. రాట్నం ఆగిపోయింది. ఒసే జయంతీ, ఎవరి పిల్లలకు చెబుతున్నావే ఇది, అనుకుంది. సీమ బట్ట ఒంటికి తగలనివ్వనని పంతం పట్టిన వరహాలమ్మ మనవరాలు ఈక కలం తీసుకుని, మెర్సీ అని కాదు, ‘జయంతి’ అని తెలుగులో గుండ్రంగా రాసింది.

గౌను కూడా మార్చుకోకుండా కారెక్కింది. రాధాకృష్ణ అరిస్తే అరవనీ, ఆ గొడవ తరవాత పడొచ్చు. దియ గది తలుపు తోసి, “ఏదే ఆ లెటర్? పెన్ను ఇటివ్వు,” అంది.

దియ లాప్‌టాప్ మీంచి తలెత్తింది. టోపీని, గౌనును, సిరా మరకల చేతిని చూసింది.

“నిన్ననే పంపేశానమ్మా.”

“మరి నా పేరు?”

“నువ్వు వద్దన్నావు కదా.”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. జయంతి మంచం అంచున కూర్చుని వేళ్ళకంటిన సిరా గౌనుకు తుడుచుకుంది. చచ్చి రెండొందల ఏళ్ళైన రాజుకు ఆమె పేరు చేరింది. కూతురి ఉత్తరానికి చేరలేదు.