వరుసలో లింగమూర్తి తర్వాత

మేం కుస్తీ నేర్చుకునే తాలీం ఇప్పుడు రెండు అద్దాల మేడల నడుమ ఇరుక్కుని ఉంది. రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడదు. పై అంతస్తుల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలకు మాత్రం దాని రేకుల కప్పూ, ముందున్న ఎర్రమట్టి కుస్తీ బరీ అరచేతిలో పెట్టినట్టు కనబడతాయి. నార్సింగి పక్కన మాదొక ఊరుండేదని ఇవాళ ఎవరైనా నమ్మాలంటే ఆ బరి ఒక్కటే సాక్ష్యం.

ఆ బరిని నిలబెట్టినవాడు లింగమూర్తి. మా అన్న బిడ్డ సక్కుబాయి పెనిమిటి, నాకు అల్లుడు. బీదర్ నుంచి వచ్చిన పహిల్వాన్‌ను చెయ్యి కలిపినంత సేపట్లో లేపి వేసినవాడు. జహీరాబాద్ దంగల్‌లో పొద్దున ఒకణ్ని, నడినెత్తి ఎండలో ఒకణ్ని పడగొట్టి, పొద్దుగూకే వేళ ఆఖరి కుస్తీకి కూడా నవ్వుకుంటూ దిగినవాడు. బురదలో దిగబడ్డ నీళ్ల ట్యాంకర్‌ను వీపు ఆనించి గడ్డకు నెట్టినవాడు. ఇరవై ఏళ్లకు పైబడి ఆ వీపు మట్టిని తాకలేదు. మా పోచమ్మ జాతరలో గెలిచినవాడికి తొడిగే వెండి కడెం అన్నేళ్లుగా ఆయన ముంజేతికే ఉంది. ఇవన్నీ నేను గొప్పకు చెప్పడం లేదు. జాతరలో మైకు పట్టుకుని చెప్పే పని మా ఇంటిది; నేను చూసిందే చెబుతాను.

ఆ మనిషి ఇప్పుడొక పెద్ద కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. వాళ్లిచ్చిన యూనిఫాం చొక్కా ఆయన జబ్బలకు పట్టకపోతే, సక్కుబాయి కుట్లు విప్పి రెండు చేతులకూ గుడ్డ అతికి కుట్టింది. కార్లలో వచ్చే ఆఫీసు పిల్లలు అద్దం దించి "పహిల్వాన్ గారూ" అని చెయ్యి ఊపి పోతారు. ప్రియదర్శిని అని కాకినాడ అమ్మాయి, ఆయన కుస్తీని ఫోన్లో వీడియో తీసి అందరికీ పంపింది. దాంతో కంపెనీవాళ్లు 'ఓటమి ఎరుగని మన లింగమూర్తి' అని ఫోటోతో బ్యానర్ వేయించి లిఫ్టుల దగ్గర పెట్టారు. నేను పనిగట్టుకుని వెళ్లి చూసి వచ్చాను. బాగుంది. మీసం ఒక్కటే సరిగ్గా పడలేదు.

కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనితే 'చిత్' అంటారు. మా తాలీంలో ఒక ఆచారముంది, దాన్ని 'వరుస' అంటాం. జాతరలో ఆఖరి కుస్తీకి ముందు, మొదటి వస్తాదు నుంచి ఇప్పటివాడి దాకా పేర్లన్నీ చదవాలి. ప్రతివాడి ఘనకార్యం చెప్పాలి, ఆపైన ఎవరి చేతిలో చిత్ అయ్యాడో చెప్పాలి. వాడి పేరు నుంచి మళ్లీ ఎత్తుకోవాలి. తాడుకు పురి పెట్టినట్టన్నమాట, ఒకడి కొస మరొకడి మొదలు. లింగమూర్తి దగ్గరికి వచ్చేసరికి నేను గొంతు పెంచి "లింగమూర్తి ఎవ్వని చేతిల చిత్ కాలె!" అంటాను. డప్పులు మోగుతాయి. ఆ మాట అనడానికే నేను ఏడాదంతా గొంతు కాపాడుకుంటాను.

ఈ ఏడు జాతర దగ్గర పడుతుండగా, ఒక సాయంత్రం తాలీం అరుగు మీద లింగమూర్తి నా పక్కన కూర్చున్నాడు.

"మామా, పోయినేడు నేను గెలిసిన్నా?"

"గిదేం మాటరా? నేనే మైకుల చెప్తి గద."

"నువ్వు చెప్తివి. నా వీపుకు ఎర్కలేదా? నర్సింహ నన్ను భుజం మీదికి లేపిండు. లేపి, పసిపిల్లను దించినట్టు మెల్లగ దించి, తనే కింద వడ్డడు. గది కుస్తీ గాదు. మర్యాద."

నర్సింహ ఆయన దగ్గరే నేర్చుకున్నవాడు. క్యాబ్ నడుపుతాడు. వాళ్లమ్మా నాన్నా నారాయణపేట దిక్కు నుంచి కూలి పనికి వచ్చి, ఇక్కడి మేడలు లేస్తున్నప్పుడు వాటి పక్కనే రేకుల గుడిసెలో కాపురం పెట్టినవాళ్లు. మా ఊరి పిల్లలు జిమ్ముల దారి పట్టాక, పొద్దున్నే వచ్చి బరి తవ్వేది ఆ నర్సింహ, అతనిలాంటి మరికొందరు.

"మర్యాద జేస్తే జేసిండు. వస్తాదు మీద మర్యాద ఉండొద్దా?" అన్నాను.

"ఉండాలె. బరి బయట ఉండాలె. ఈ ఏడు వాడు నిజంగ కొట్లాడాలె మామా. నన్ను పడేస్తే పడెయ్యాలె. మళ్ల గట్లనే దించిండంటే, కడెం తీసి పోచమ్మ తల్లి కాడ పెట్టేస్త. ఇగ మన బరిల ఆఖరి కుస్తీ ఉండది."

టీ తెచ్చిన సక్కుబాయి సగమే విన్నట్టుంది. "పెట్టేయమనే నేను గూడ అంటున్న కాకా! భుజం పట్టేసి చెయ్యి పైకి లేస్తలేదు. పొద్దుగాల అంగీ నేను తొడగాలె. గీయన పెద్ద పహిల్వాన్!"

ఆ వేళ ప్రియదర్శిని కూడా అక్కడే ఉంది, ఆఫీసు అయ్యాక బరి చూడటానికి వచ్చింది. "సక్కుబాయి గారు చెప్పిందే కరెక్టండి. ఓడిపోకుండానే తప్పుకుంటే ఆ రికార్డు ఎప్పటికీ అలాగే ఉండిపోద్ది కదండీ. పెద్ద పెద్ద ఆటగాళ్లంతా అలాగే చేస్తారు."

"ఉంటది మేడం," అన్నాడు లింగమూర్తి. "పేరు ఉంటది. దాని ఎన్క ఎవ్వడుండడు."

నాకు ఆ ముగ్గురి మాటా నచ్చలేదు. కడెం గుడిలో పెట్టడమేమిటి, పడిపోవడమేమిటి! ఆయన అలాగే గెలుస్తూ పోవాలి, నేను అలాగే చెబుతూ పోవాలి. పైగా ఇంత పేరు తీసుకెళ్లి ఎవరి చేతిలో పెట్టడం?

"పడితె మన ఊరోని చేతిల పడాలె గని, ఎక్కడికెల్లో పనికొచ్చినోని చేతిల..." అని నోటిదాకా వచ్చింది, అనేశాను కూడా.

లింగమూర్తికి కోపం రాలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, "ఒక్కసారి వరుస సదువు మామా," అన్నాడు.

వరుస చదవమంటే నేను కాదంటానా? గొంతు సవరించుకుని ఎత్తుకున్నాను. "బరిల మట్టి తెచ్చిపోసిన మదార్ సాబ్, మదించిన గుర్రాన్ని మెడవట్టి కూసోబెట్టినోడు, పుల్లయ్య చేతిల చిత్ అయిండు. పెద్ద ఇనుప పట్టా ఒక్కడే భుజాన మోసిన పుల్లయ్య, ఈరయ్య చేతిల..."

"ఆగాగు. పుల్లయ్యది ఏ ఊరు?"

"మెదక్ దిక్కు. బాలానగర్ కార్ఖానల పనికొచ్చి, ఆయితారం ఆయితారం ఈడికి సైకిల్ మీద..." అని ఆగాను.

"మన ఊరోడు గాడు గద మామా?"

"గాడు. అయితేంది? మన బరిల మట్టి పూసుకున్నంక..."

సక్కుబాయి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా కాక దొరికిండు," అంది ప్రియదర్శినితో. మా నాయన నాకు నేర్పిన వరుసలో పుల్లయ్య పేరు వచ్చినప్పుడల్లా నేను ఛాతీ పొంగించి చెప్పినవాడినే. అతను ఎక్కడివాడని నన్ను ఎన్నడూ ఎవరూ అడగలేదు.

మర్నాడు నర్సింహ క్యాబ్ ఆపుకునే టీ బండి దగ్గరికి వెళ్లాను. కారు అద్దం తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ భుజాన వేసుకుని, రెండు టీలు చెప్పాడు.

"పోయినేడు వస్తాదును లేపి ఎందుకు దించినవురా?"

వాడు దొంగతనంలో దొరికినట్టు నవ్వాడు. "ఆయనకు ఎర్కైందా?"

"వీపుకు ఎర్కైందంట."

"వస్తాదును ఎట్ల పడేస్త తాతా?"

"ఆయనే పడెయ్యమంటున్నడు. ఇంకేమన్న ఉందా?"

నర్సింహ మళ్లీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు. "పడేస్తె నువ్వు మైకుల ఏం జెప్తవు తాతా? మీ వరుసల నా పేరు వడతదా? ఎవడో కూలోళ్ల పోరడు పహిల్వాన్ పేరు ఆగం జేసిండని ఊరంత అంటది. గంత పెద్ద పేరు పోయి ఉత్తదాంట్లె కలవొద్దని దించిన."

నేను టీ పూర్తిగా తాగి గ్లాసు బండి మీద పెట్టాను. వరుస అంటే పేర్ల వరుసే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. వరుస కలపడమంటే చుట్టరికం కలపడమని బడికి పోని వాళ్లకూ తెలుసు, నేను మా ఊరి బడిలో ఏడో తరగతి ఫస్టున పాసైనవాణ్ని, నాకే తట్టలేదు.

"మీ నాయిన పేరేంది?"

"మునిస్వామి. ఎందుకు తాతా?"

"చెప్పింది ఇను. మా వరుసల పేరుతోపాటు పని గూడ చెప్పాలె. ఒకడు గుర్రాన్ని వంచిండు, ఒకడు ఇనుము మోసిండు. మీ నాయిన ఏం మోసిండు?"

వాడు తల ఎత్తి, రోడ్డవతల ఎండకు మెరుస్తున్న మేడను గుడ్డతోనే చూపించాడు. "అగో, గది మోసిండు," అని నవ్వాడు.

జాతర ఆదివారం వచ్చింది. కార్లు ఆపుకునే జాగా అంతా జనం. మెడలో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలూ, బోనాలెత్తిన ఆడవాళ్లూ ఒకే తాడు పట్టుకుని బరి చుట్టూ నిలబడ్డారు. గెలిస్తే టెంకాయ ఇచ్చే పిల్లల కుస్తీలయ్యాయి. పెద్దవాళ్ల జోడీలయ్యాయి. నేను మైకు తీసుకుని మదార్ సాబ్ నుంచి వరుస ఎత్తుకున్నాను. లింగమూర్తి పేరుకు డప్పులు దద్దరిల్లాయి. అక్కడ ఆపి దిగిపోవడం ఆచారం. నేను దిగలేదు.

"ఎదురుగ నిలవడ్డోడు! అద్దాల మేడను అంతస్తు అంతస్తు నెత్తిన మోసి లేపిన మునిస్వామి కొడుకు, పొద్దుగాల పొద్దుగాల మన బరి తవ్వినోడు, మన తాలీం నర్సింహ!"

"ఇదేం కొత్త ఆచారం?" అని వెనక నుంచి ఎవరో ముసలాయన అరిచాడు.

"పుల్లయ్యప్పుడు మీ తాత గూడ గిట్లనే అడిగిండంట!" అని మైకులోనే అన్నాను. జనం గొల్లుమన్నారు. తాడు దగ్గర నిలబడ్డ మునిస్వామి మాత్రం నవ్వలేదు. తలకు చుట్టిన తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఇద్దరూ చెరో గుప్పెడు మట్టి ఎదుటివాడి భుజాలకు పూసి చెయ్యి కలిపారు. లింగమూర్తి ఊరికే పడే రకం కాదు. మొదటి పట్టులోనే నర్సింహను మోకాళ్ల మీదికి తెచ్చాడు. మెడ మీద ఆయన ముంజెయ్యి పడితే ఎంత బరువో ఆ దెబ్బ తిన్నవాడికే తెలుసు. వాడు జారి లేచాడు. మళ్లీ కలిశారు. ఈసారి నర్సింహకు పట్టు దొరికింది. ఆయన చెయ్యి భుజం మీదుగా లాక్కుని వంగాడు, లింగమూర్తి కాళ్లు గాలిలోకి లేచాయి. చాకలి బండకు బట్ట వేసినట్టు వేస్తారు గనుక దాన్ని ధోబీ పట్టు అంటారు. సరిగ్గా పోయినేడు వదిలేసిన చోటికి వచ్చి వాడు తటపటాయించాడు. నాకు కనబడింది. అందరికీ కనబడింది.

పైనుంచే లింగమూర్తి కేకేశాడు. "ఏందిరా, పాసింజర్‌ను దించుతున్నవా? జర మంచిగ వెయ్యి!"

నర్సింహ వేశాడు.

మట్టి లేచింది. డప్పులు ఆగిపోయాయి. రెండు భుజాలూ బరికి ఆనించి లింగమూర్తి అలాగే వెల్లకిలా ఉండిపోయాడు. సక్కుబాయి తాడు కింద నుంచి దూరి పరుగెత్తుకొచ్చింది. ప్రియదర్శిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం కళ్లు తెరిచి రెండు మేడల నడుమ ఉన్న ఆకాశపు నీలం ముక్కను చూస్తున్నాడు.

"ఈడికెల్లి ఆసుమానం గింత మంచిగుంటదా! పడ్డోళ్లు ఒక్కలన్న చెప్పలె."

జనం ఊపిరి తీసుకున్నారు. నర్సింహ ఆయన కాళ్ల మీద పడబోతే, "లే, లే. కడెం గుంజు," అన్నాడు. అది రాలేదు. ఇన్నేళ్లలో ముంజెయ్యి లావైంది, కడెం లావు కాలేదు. నర్సింహ గుంజాడు, ఇద్దరు ముగ్గురు గుంజారు. చివరికి సక్కుబాయి దీపాల కోసం తెచ్చిన నూనె ఆ చేతికి పోసి, "ఇగ నా అంగీ తొడుగుడు తప్పుతదేమో," అంటూ గాజు తీసినట్టు మెలితిప్పి తీసింది. దాని కింద చర్మం తెల్లగా, పాపాయి ముంజేతిలా ఉంది. నూనె కారుతున్న కడేన్ని లింగమూర్తి తన చేత్తోనే నర్సింహకు తొడిగాడు. వాడికి కొంచెం వదులే. పెరుగుతాడు.

అందరూ నా వైపు చూశారు. వరుసకు కొస కట్టాల్సింది నేను.

"లింగమూర్తి," అన్నాను. కడెం మారిన చేతిని ఒకసారి చూశాను. మళ్లీ అన్నాను. "బీదర్ పహిల్వాన్‌ను లేపి వేసినోడు, ట్యాంకర్‌ను వీపుతోని నెట్టినోడు లింగమూర్తి, మునిస్వామి కొడుకు నర్సింహ చేతిల చిత్ అయిండు! మేడను మోసినోని కొడుకు నర్సింహ, ఎవ్వని చేతిల..." అలవాటున పాత మాటే నోటికి వచ్చింది. దాని నడుమ ఒక్క మాట చేర్చాను. "ఎవ్వని చేతిల ఇంకా చిత్ కాలె!"

డప్పులు అందుకున్నాయి. మట్టిలో లేచి కూర్చున్న లింగమూర్తి చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"మామా, ధోబీ పట్టుతోని అని చెప్పు. నేను ఉత్తగ వడలె."

"చెప్త తీయ్‌రా."

"గట్ల గాదు. మొదటికెల్లి సదువు."

సరే అన్నాను. మైకు మూతికి దగ్గరగా పట్టుకుని, మదార్ సాబ్ తెచ్చిపోసిన మట్టి దగ్గర మళ్లీ ఎత్తుకున్నాను.