ఆగక్క పగ

“చెయ్యి తియ్యి. ట్యూబు మీంచి చెయ్యి తియ్యమన్నానా!”

“పడుకున్నది మా అన్న. నువ్వెవరు నాకు చెప్పడానికి?”

“అన్న కాబట్టే చెప్తున్నా. పోయినసారి పరాయివాడు కాబట్టి నీకు హాయిగా నిద్ర పట్టింది.”

ఐసీయూ మూలమంచం దగ్గర కర్టెన్ వెనకనుంచి వస్తున్న ఈ మాటలకు మిగతా నర్సులు చెవులు రిక్కించారు. లోపల తిట్టుకుంటున్న ఇద్దరూ నర్సులే, ఒకే ఏడాది ఉద్యోగంలో చేరినవాళ్ళే. ఏ పనికైనా ముందు “ఆగాగు” అంటుందని, చెయ్యి తియ్యమన్న ఆమెకు ఆగక్క అని పేరు పడింది. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంటే, “తలుపు ఊడొస్తుందే తల్లీ” అని మొగుడు మొత్తుకుంటాడు. రెండో నర్సేమో అన్నీ చిటికెలో ముగించేస్తాడు. అందరూ అతన్ని మెరుపు అంటారు.

ఇద్దరి మధ్యా ఒక శవం ఉంది. నిరుడు ఒక తాపీమేస్త్రికి వెంటిలేటర్ మార్చారు. కొత్త మెషిన్ను ముందు రబ్బరు తిత్తికి తగిలించి పరీక్షిస్తారు. పరీక్ష అయ్యాక, మళ్ళీ మీట నొక్కేదాకా అది గాలి పంపకుండా ఊరికే కాచుకుని ఉంటుంది. నొక్కడం మెరుపు వంతు. గొట్టం తగిలించి, “అయిపోయింది” అని పక్క మంచానికి దూకాడు. నొక్కలేదు. రోగి గొంతులోని ట్యూబు సర్దుతున్న ఆగక్క అతని మాట నమ్మింది. మేస్త్రి పెదాలు నల్లబడ్డాక గానీ ఎవరూ చూడలేదు. మనిషి దక్కలేదు.

విచారణలో మెరుపు కన్నార్పకుండా, “ఆవిడే నొక్కాలి సార్. ఆవిడ సంగతి తెలుసుగా, నత్తకే నడక నేర్పుతుంది” అన్నాడు. కొందరు నవ్వారు కూడా. ఆ ముద్దుపేరే ఆమె మీద సాక్ష్యం చెప్పింది. ఆగక్కను కట్లు కట్టే గదికి తోసేశారు. పళ్ళు నూరుతూ కట్టుగుడ్డలు కత్తిరించింది. మనుషులు చాలక ఈ మధ్యే వెనక్కి పిలిచారు.

ఇప్పుడు మెరుపు అన్నకు నిమోనియా. పాత మెషిన్ గాలి లెక్క తప్పి ఊరికే కూస్తోంది. మార్చక తప్పదు. ఆ సంగతి విన్నప్పుడు ఆగక్కకు కడుపు చల్లబడిన మాట నిజం. తాను దేవతనని ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు. అయితే ఆ కోపం మెరుపు మీద, మంచం మీదున్న మనిషి మీద కాదు.

డ్యూటీ డాక్టరు విసుక్కున్నాడు. “మీ తగువు తర్వాత. ఎవరు మారుస్తారు?”

“నేను. మీట మాత్రం ఇతను నొక్కాలి” అంది ఆగక్క.

“నా చేత కాదు” అన్నాడు మెరుపు.

“ఒక్క వేలు చాల్లే.”

కొత్త మెషిన్లో పాత అంకెలే పెట్టి తిత్తి మీద పరీక్షించింది. చేత్తో ఊపిరి పోసే సంచీని దిండు పక్కన ఉంచింది. రోగికి కాసేపు పూర్తి ఆక్సిజన్ పట్టించింది. ఛాతీ నిండుగా లేచిన క్షణాన, లోపలి గాలి జారిపోకుండా ట్యూబును క్లాంపుతో బిగించి, గొట్టం మార్చింది.

“నొక్కు.”

“నొక్కా.”

“వినపళ్ళా.”

“నొక్కాను!”

వార్డంతా విన్నది. ఆగక్క మాత్రం అతని మాట కోసం ఆగలేదు. చూపంతా కొత్త మెషిన్ తెర మీదే. గాలి వస్తోందని చెప్పే గీత పైకి లేవగానే క్లాంపు తీసేసింది. ఛాతీ లేచింది. స్టెతస్కోపు పెట్టి రెండువైపులా గాలి ఆడుతోందని విన్నాక గానీ నడుము నిటారు చెయ్యలేదు.

చేతులు కడుక్కుంటుంటే మెరుపు వెనకే వచ్చాడు. “అన్నని నిలబెట్టావు. ఈ మేలు మరిచిపోను. ఏం కావాలో అడుగు.”

“నీ మెచ్చుకోళ్ళు నాకొద్దు. ఆ మేస్త్రి పెళ్ళాం బజార్లో నన్ను చూసినప్పుడల్లా తుపుక్కున ఉమ్మేసి పోతోంది, తెలుసా? రేపు డ్యూటీ దిగాక వాళ్ళింటికి పద. తలుపు నువ్వే కొట్టు. మీట నొక్కనిది నేనేనమ్మా అని నీ నోటితో చెప్పు. నేను పక్కనే ఉండి వింటా. ఆ తర్వాత ఆవిడ నిన్నేం చేసినా నేను అడ్డు రాను.”