మెడ కింది ఫొటోలు

ఫిల్మ్ నగర్‌లో నేను అద్దెకుండే గది కింది వాటా భూలక్ష్మక్కది. సినిమాల్లో కాస్ట్యూమ్ అసిస్టెంట్‌గా చేస్తుంది. హీరో చొక్కాలు ఉతికి, ఇస్త్రీ చేసి, వేళకు సెట్‌లో అందించడం ఆమె పని. ఆమె పనిలో కష్టమంతా కంటిన్యుటీ దగ్గరే. ఒక సీను సగం ఇవాళ తీస్తారు, మిగతా సగం నెల దాటాక తీస్తారు. ఆ రోజు పై గుండీ పెట్టి ఉందా, కుడిచేతి మడత ఎంతవరకు ఉంది, కాలర్ మీద మరక ఎటువైపుంది, అన్నీ మళ్లీ అచ్చం అలాగే ఉండాలి. అందుకని షాటు అవగానే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుంటుంది.

ఆ ఫొటోల్లో హీరో ముఖం పడకూడదు. కొత్త గెటప్ బయటికి పొక్కితే కంపెనీ వాళ్లు ఊరుకోరు. అందుకే అందరూ మెడ కిందినుంచే తీస్తారు. ఏళ్ల తరబడి అలా తీసి తీసి ఆమె చేతికి అదే అలవాటైపోయింది.

ఆమె భర్త ఓదెలు స్టూడియో వ్యాను నడిపేవాడు. భుజాలు, ఛాతీ హీరో కొలతలకు దగ్గర. కొత్త చొక్కా ఏదొచ్చినా ముందు ఇంట్లో ఓదెలుకు తొడిగి, గోడకు నిలబెట్టి, ఎక్కడ బిగుతు, ఎక్కడ వదులు అని చూసుకుని ఫొటో తీసేది.

"నన్ను గూడ హీరోను చేస్తివి గదనే, తలకాయ ఒక్కటే తక్కువ" అని ఆయన ఎగతాళి చేసేవాడట.

నిరుడు ఒక పొద్దున ఆయన స్టూడియో గేటు పక్కన వ్యాను ఆపి స్టీరింగ్ మీద తల వాల్చాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారు. తర్వాత కొన్నాళ్లకే అక్క ఫోన్ బట్టలు నానబెట్టిన టబ్బులో పడింది. షాపులో చూపిస్తే ఇక పనిచేయదన్నారు. కొత్తది కొనుక్కుంది.

సంవత్సరీకం దగ్గర పడిన ఆదివారం, అక్క పంపిన పులిహోర గిన్నె ఇచ్చేద్దామని కిందికి వెళ్లాను. మోతీనగర్ నుంచి ఆమె మరిది కమలాకర్ వచ్చి ఉన్నాడు. చేతిలో అన్న ఆధార్ కార్డు.

"గిదే పెద్దగ చేపిస్త వదినా. మంచి ఫ్రేం గట్టిస్త."

"గా కార్డుల మీ అన్న దొంగ లెక్క ఉన్నడు."

"ఆధార్ల అందరం దొంగల లెక్కనే ఉంటం. నాది జూస్తె మా పిల్లలే జడుసుకుంటరు."

"మరి పెండ్లి ఫొటో?" అన్నాను, గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడి.

అక్క గోడవైపు చూపించింది. సన్నమీసం, బెదురు కళ్లు, మెడకు బిగుసుకున్న దండ. "గా పోరడు నాకు ఒక్క దినమే తెలుసు బిడ్డా. నాతోని బతికిన మనిషి గాయన గాదు." మెల్లగా అంది. "కండ్లు మూసుకుంటె చొక్కా యాదికొస్తది. భుజాలు యాదికొస్తయి. మొఖం రమ్మంటె వస్తలేదు. ఏడాదికే గిట్లయితె, ఇంక ముందటికి ఎట్ల?"

కమలాకర్ ఆధార్ కార్డును జేబులో పెట్టేసుకున్నాడు.

నాకు నలుగురిలో మాట పెగలదు. అయినా అడిగాను. "అక్కా, పాత ఫోన్‌లో ఫొటోలు బ్యాకప్ అయ్యేవా?"

"గదేంది?"

"ఫోన్ పోయినా ఫొటోలు మెయిల్‌లో దాచి ఉంటాయి."

"నిహారిక మేడం ఒక మెయిల్ పెట్టిచ్చింది. ఫొటోలు పైకి పోతయి, ఫికర్ జేయకన్నది." నిహారిక వాళ్ల సినిమాకు కాస్ట్యూమ్ డిజైనర్. పాస్‌వర్డ్ అక్కకు గుర్తులేదు. నా ఫోన్‌లో మర్చిపోయానని నొక్కితే, ఓటీపీ పంపుతామంటూ తెర మీద ఒక నంబరు చివరి అంకెలు కనిపించాయి. ఆ నంబరు ఓదెలుది.

పోయిన మనిషి నంబరు. ఇక రాదని చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాను. అంతలో అక్క చేతిలో ఫోన్ టింగుమంది.

"ఆయన సిమ్ము గీ ఫోన్లనే ఉన్నది" అంది, తప్పు చేసినట్టు మరిది వైపు చూస్తూ. "రీచార్జ్ జేపిస్తనే ఉన్న. బంద్ వెడితె ఆ నంబర్ ఇంకెవలకో ఇస్తరంట గద."

మెయిల్ తెరుచుకుంది. ఫొటోలు ఒక్కొక్కటే దిగసాగాయి. నీలం గళ్ల చొక్కా, ఉత్తుత్తి రక్తం పూసిన బనియను, పెళ్లి సీను షేర్వాణీ. మధ్యమధ్యలో ఈ ఇంటి పసుపుగోడ. గోడ ముందు నిలబడింది ఓదెలే. అన్నీ మెడ కిందివే.

"మా అన్నకు నిజంగనే తలకాయ లేకుంట చేసినవ్ గద వదినా!" నవ్వబోయి ఆపుకున్నాడు కమలాకర్.

పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరుపుతూనే ఉన్నాం. "ఒక్కపారి ఫోన్ జర పైకి లేపితె ఏం పోయేది నాకు?" అంటూ అక్క, మెరూన్ చొక్కా ఉన్న ఒక ఫొటో మీద వేలు ఆనించి అలాగే ఉంచేసింది.

ఫొటో కదిలింది.

ముందు ముఖం వచ్చింది. తడిజుట్టు, మాసిన గడ్డం, విసుగులో కలిసిపోయిన నవ్వు. "ఇంకెంతసేపే, అన్నం సల్లారుతది!" అంది గొంతు. అంతలోనే ముఖం పైకి జారిపోయి, కాలర్ వచ్చి, బొమ్మ ఆగిపోయింది.

కొన్ని ఫోన్లు బటన్ నొక్కడానికి ముందరి క్షణాన్ని కూడా పట్టి ఉంచుతాయి. ఫోన్‌ను కాలర్ దాకా దించేలోపు ఆమె చేయి ప్రతిసారీ ఆయన ముఖాన్ని దాటుకునే వచ్చిందన్నమాట. ఆ సంగతి నేను చెబుతున్నా ఆమె వినడం లేదు. వేలు తీసింది. మళ్లీ పెట్టింది. కమలాకర్ లేచి గుమ్మంలోకి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

నేనే అన్నాను. "ఇందులోంచి ఒక ఫొటో తీయొచ్చక్కా. కాకపోతే ఫోన్ కదిలింది కదా, మసకగా వస్తుంది. నోరు మూసుకున్న చోట కొంచెం నయం."

"నోరు మూసింది వద్దు. మాట్లాడేటిదే తియ్యి."

ఫ్రేము కట్టినతను కూడా మసకగా ఉందన్నాడట, ఇంకో ఫొటో లేదా అని అడిగాడట. సంవత్సరీకం నాడు దండ వేసిన ఆ ఫొటోలో ఓదెలు నోరు సగం తెరిచి, ఎవరినో తొందరపెడుతున్నట్టే ఉన్నాడు. చుట్టాలు వింతగా చూశారు. కోడలి వరసయ్యే ఉదయశ్రీ విస్తర్లు పరుస్తూ, అందరూ వచ్చాక వడ్డిద్దామంది.

అక్క అప్పటికే గంజు మూత తీసింది. అన్నం మీంచి ఆవిరి లేస్తోంది.

"వచ్చేటోళ్లు వస్తరు తియ్యి. ముందుగాల ఆయనకు వెట్టు. సల్లారుతది."